ఒకరికి బదులు ఒకరు

ఖరగ్‌పూర్ ఇందా బజారుకి వెళ్ళిన సింహాచలమ్మ ఇంకా తిరిగి రాలేదు. ఈలోగా ఆమె తలగుడ్డ జ్ఞానరత్నం తల మీదికి ఎక్కింది.

అది రైల్వే ఆసుపత్రి నర్సులు పిన్ను గుచ్చి పెట్టుకునే బుల్లి టోపీ లాంటిది కాదు. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత మీద మడత వేసి కడితే వీపు మీదికి పావురం తోకలా జారే తెల్లటి గుడ్డ. మిలటరీ నర్సంటే మలంచా రోడ్డు వాళ్ళకి అదే గుర్తు. జ్ఞానరత్నం అద్దం ముందు నిలబడి దాన్ని కుడికి సర్దితే ఎడమకి జారుతోంది. ఎడమకి సర్దితే ముక్కు మీదికి వస్తోంది.

"బాగుందేటి సిన్నమ్మా?" అంది.

"బాగునేదని ఎవులన్నారు? కొలిసి కుట్టినట్టున్నాది" అంది అప్పలనర్సమ్మ.

కొలిచి కుట్టినట్టు లేదని ఆమెకి తెలుసు. కాని ఏళ్ళ తరబడి ఎండు చేపలూ చింతపండూ అమ్మిన మనిషి. మోజు పడి చూస్తున్నవాళ్ళ ముందు సరుకుకి వంక చెప్పకూడదన్నది ఆమె దుకాణం పెట్టిన రోజు నేర్చుకున్న మొదటి పాఠం.

అందులోనూ ఈ ఆదివారం పొద్దున్న ఆమె చేతిలో ఉన్నది మామూలు బేరం కాదు. పదేళ్ళ కిందట నర్సు పనంటూ మిలటరీకి వెళ్ళిపోయిన కూతురు సింహాచలమ్మని ఇంటికి తెచ్చుకునే బేరం.

దాన్ని కుదిర్చిన తమ్ముడు గోవిందరావు ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క చేతుల కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన రైల్వేలో హెడ్డు క్లర్కు. బదిలీల ఫైళ్ళు ఆయన బల్ల దాటకుండా ఎక్కడికీ కదలవు. ఖరగ్‌పూర్ ఫిట్టరుకి వాల్తేరు మీద మనసైతే, వాల్తేరు ఫిట్టరుకి ఖరగ్‌పూర్ మీద మనసైతే, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి ఒకరి చోటు ఒకరికి ఇప్పించేస్తాడు. దాన్ని రైల్వేలో మ్యూచువల్ అంటారు. ఆ ఒక్క మాటతో ఎన్ని కాపురాలు ఒక గూటికి చేరాయో గోవిందరావుకే లెక్క లేదు.

అందుకే అక్క కళ్ళనీళ్ళు పెట్టుకున్నప్పుడు ఆయనకి తట్టిన మందు కూడా అదే. రైల్వే ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు సిస్టరు జ్ఞానరత్నం మిలటరీకి వెళ్ళాలని కలలు కంటోంది. మిలటరీలో ఉన్న కేప్టెన్ సింహాచలం ఇంటికి రావాలి. ఆవిడా నర్సే, ఈవిడా నర్సే. ఒకరికి బదులు ఒకరు. తరుగు లేదు, తూకం లేదు.

ఈ సంగతి సింహాచలమ్మకి మాత్రం ఎవరూ చెప్పలేదు. సెలవు మీద వచ్చిన పిల్లకి కానుకలా ఒక్కసారి చేతిలో పెట్టాలని తల్లి ముచ్చట.

"బావా, ఆ కొత్త పెట్టి మీద పేరు రాసీ. జ్ఞానరత్నం, మిలట్రీ సిస్టరు అని" గోవిందరావు వరండాలోకి కేకేశాడు.

వరండాలో నూకయ్య ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. వర్క్‌షాపులో బోగీల మీద నంబర్లూ పేర్లూ రాసే పెయింటరు ఆయన. ముందు రెండు ట్రంకుపెట్టెలున్నాయి. ఒకటి కూతురి పాత నల్ల పెట్టె. రెండోది జ్ఞానరత్నం పొద్దున్నే రిక్షాలో వేసుకొచ్చిన కొత్త పెట్టె.

"మీ అప్పకి సెప్పు, ముందు పాతదాని రంగు ఆరాలని" అన్నాడు నూకయ్య, తల తిప్పకుండా.

"మీ బావకి సెప్పు, పాతదానికి రంగెందుకూ, అదింక ఇల్లు కదలదని" అంది అప్పలనర్సమ్మ.

మంగళవారం నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. పిల్లని అడక్కుండా పిల్ల బేరం ఆడకు అని నూకయ్య ఒక్క మాట అన్నాడు. కన్నదాన్ని, నాకు తెలవదేటి అని ఆమె పది మాటలు అంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో అవసరమైన మాటలన్నీ గోవిందరావు దగ్గర బండి మారి వెళ్తున్నాయి.

వరండా స్తంభానికి కట్టిన నల్ల కోడిపెట్ట మెడ చాచి రంగు డబ్బాలోకి తొంగి చూసింది. అది పోలమ్మ తల్లికి మొక్కుకున్న కోడి.

గుమ్మం ముందు రిక్షా ఆగింది.

"బస్, బస్ దాదా. ఠీక్ హై" అన్న గొంతు వినగానే జ్ఞానరత్నం తలగుడ్డ తీసెయ్యబోయింది. పిన్ను జడలో చిక్కుకుంది.

సింహాచలమ్మ మట్టికుండలో రసగుల్లాలు పట్టుకుని లోపలికొచ్చింది. కట్టుకున్నది మామూలు నేత చీరే. నడక మాత్రం చీరది కాదు. అడుగు పడితే గచ్చు మీద గీత గీసినట్టు పడుతుంది.

ఆమె గుమ్మంలోనే ఆగింది. అద్దాన్నీ, తన తలగుడ్డనీ, దాని కింద జ్ఞానరత్నం ముఖాన్నీ, కుర్చీలో మేనమామనీ వరసగా చూసింది. గోవిందరావు కాలు మీది కాలు దించాడు. కోడి కూడా మెడ ముడుచుకుంది.

సింహాచలమ్మ కుండ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, జ్ఞానరత్నం భుజాలు పట్టి గిర్రున అటు తిప్పింది.

"ముడి ఇక్కడ కాదు రత్నం. మెడ మీద పడాల. అంచు కనుబొమల మీదికి దిగకూడదు. కదలకు."

నాలుగు మడతలు, ఒక లాగు, రెండు పిన్నులు. పావురం తోక వీపు మీద చక్కగా వాలింది.

"అద్గదీ. ఇప్పుడు సెప్పండి, ఏటిది?"

గోవిందరావు లేచి, పంచె సవరించుకుని, ఆఫీసులో ఉత్తర్వు చదివినట్టు చెప్పాడు. పేరుకి పేరు, హోదాకి హోదా. ఆ చివర జ్ఞానరత్నం, ఈ చివర సింహాచలం. ఇద్దరూ సంతకాలు పెడితే చాలు, తక్కిన నడకంతా తన పని. చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోతోంది.

సింహాచలమ్మ నిటారుగా నిలబడి ఆఖరి దాకా వింది. ముందు పెదవి వణికింది. తరవాత భుజాలు. అమ్మో, ఏడుస్తోంది అనుకుని అప్పలనర్సమ్మ ముందుకి రాబోయింది. ఆ పిల్ల గోడకి జారబడి నేల మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"మావా! ఓరి నా మావా!"

"నవ్వెందుకూ?" అన్నాడు గోవిందరావు.

"మిలట్రీలో మ్యూచువల్ లేదు మావా."

"ఎందుకుండదు? రెండూ సెంట్రల్ గవర్నమెంటే కదేటి?"

"సెంట్రలే."

"జీతం డిల్లీ నుంచే కదేటి?"

"డిల్లీ నుంచే."

"మరింకేటి?"

"నాకు రాష్ట్రపతి పేరు మీద కమిషన్ ఇచ్చినారు. నేను ఆఫీసర్ని. నా జాగాలో ఇంకో మనిసిని నిలబెట్టి ఇంటికి వచ్చీసినాననుకో, మిలట్రీలో దాన్ని మ్యూచువల్ అనరు. పారిపోడం అంటారు."

గోవిందరావు కొంచెం ఆలోచించాడు. ఆయన సర్వీసులో తోవ లేని ఫైలు ఇంతవరకు ఎదురు కాలేదు.

"పోనీ, రాష్ట్రపతికే ఒక అర్జీ ఎట్టుకుంటే? త్రూ ప్రోపర్ ఛానల్?"

సింహాచలమ్మ మళ్ళీ నేల మీద పడింది. వరండాలో నూకయ్య వీపు కూడా కదిలినట్టనిపించింది. అప్పలనర్సమ్మ అటు కొరకొరా చూసింది.

నవ్వుల మధ్య సన్నగా ఏడుపు వినిపించింది. జ్ఞానరత్నం.

"నవ్వుతన్నావా అక్కా? నాకు సెండాఫ్ కూడా అయిపోనాది!"

నవ్వు టక్కున ఆగింది.

"సెండాఫేటి?" అంది సింహాచలమ్మ.

"గోవిందరావు మావ ఖాయం అన్నారని వార్డులో సెప్పేసినాను. అందరూ కలిసి టీ ఇచ్చినారు. దండేసి గ్రూపు ఫోటో తీయించినారు. మేట్రనమ్మ నా గురించి మాటాడతా ఏడిసేసినారు. నా జన్మలో ఆవిడ నన్ను తిట్టకుండా మాటాడింది అప్పుడే. నర్సుల హాస్టల్లో నా కిటికీ పక్క మంచం మలయాళీ సిస్టరుకి ఇచ్చీసినాను. ఇప్పుడు రేపు ఏ ముకం ఎట్టుకుని డూటీకి ఎల్లాల?"

ఆ పిల్ల తలగుడ్డతోనే కళ్ళు తుడుచుకోబోయింది. "గంజి!" అంటూ సింహాచలమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, తన కొంగు ఇచ్చింది.

అప్పలనర్సమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పళ్ళెం ముందేసుకుని ఎండు నెత్తళ్ళ తలలు తుంచడం మొదలెట్టింది. కోపం వచ్చినప్పుడు ఆమె చెయ్యి రెండింతలు వేగంగా పని చేస్తుంది. సింహాచలమ్మ వెనకే వచ్చి ఎదురుగా పీట వాల్చుకుంది. తనూ ఒక గుప్పెడు తీసుకుంది.

ఇద్దరి మధ్యా తలల కుప్ప పెరిగింది.

"సెప్పు" అంది అప్పలనర్సమ్మ చివరికి. "రాలేవా, రానంటావా? రెండూ ఒకటి కాదు. సరుకు నేదన్నోడు వేరు, ఉండీ ఇవ్వనన్నోడు వేరు."

సింహాచలమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. సూది గుచ్చేటప్పుడు నొప్పి పుట్టదని ఎన్నడూ ఎవరికీ అబద్ధం చెప్పని మనిషి.

"ఉండీ ఇవ్వనన్నదాన్నేనమ్మా."

"అంటే?"

"సెలవు మీద వచ్చేముందు పిలిసి అడిగినారు. ఇంటికెల్తావా, ఇంకా సర్వీసులో ఉంటావా అని. ఎల్తానంటే దండేసి పంపుదురు. ఉంటానని సెప్పొచ్చినాను."

"మాకు సెప్పకుండా."

"నువ్వు నాకు సెప్పకుండా మ్యూచువల్ ఎట్టినావు కదేటి?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తక్కెడ రెండు పక్కలా దొంగరాళ్ళే ఉన్నాయని తేలాక ఎవరు ఎవర్ని తిడతారు?

అప్పలనర్సమ్మ తిట్టడం మానలేదు. దారి మార్చింది అంతే.

"ఏటున్నాదే అక్కడ? మందుల కంపు, రగతం కంపు. సలి. పండక్కి నువ్వు నేకపోతే గారెలు ఒండబుద్ధెయ్యదు నాకు. నీ ఈడు గుంటలు పిల్లల్ని బడికి పంపుతన్నారు. పెళ్ళి మాటెత్తితే సర్వీసు ఒగ్గీమంటారన్నావు, పోనీలే అని నోరు మూసుకున్నాను. నెత్తళ్ళు కట్టి పార్శిలు సేసి పంపుతన్నాను. అవేనా తింటన్నావో, లేదో!"

"తిన్నేదమ్మా."

"ఏటీ?"

"నువ్వు కిందటేడు పంపినవి నేను తిన్నేదు."

చేపల పళ్ళెం గచ్చు మీద ఠంగుమంది. "ఏరి ఏరి పంపినానే! ఒక్క ఇసక రేణువు నేకుండా!"

"ఇను. మా వార్డులో సిక్కోలు జిల్లా కుర్రోడొకడున్నాడు, జవాను. రెండు కాళ్ళకీ కట్లు. రొట్టి ఇస్తే గోడేపు తిరిగిపోతాడు. అన్నం ఎడితే ముద్ద ముట్టడు. హిందీలో అడిగినా పలకడు, ఇంగ్లీషులో అడిగినా పలకడు. వాడి గొంతు ఎలాగుంటాదో వార్డులో ఎవులికీ తెలవదు. సూది మందుతో ఎన్నాళ్ళు బతుకుతాడు? అప్పుడు నీ పార్శిలు ఇప్పినాను."

"ఆసుపత్రిలోనా?" అప్పలనర్సమ్మ నోరు తెరిచింది.

"సూదులు మరగబెట్టే స్టవ్వు మీద. నెత్తళ్ళు వేపి, సింతపండు పులుసు పోసినాను. కర్నల్ సాబు ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చినారు. 'క్యా మర్ గయా యహాఁ?' అని మంచాల కింద ఎతికించినారు. ఎలుక సచ్చిందనుకున్నారు!"

అప్పలనర్సమ్మకి నవ్వొచ్చింది. రానివ్వలేదు. "నా సరుకుని ఎలకన్నాడా ఆ కర్నలు?"

"అన్నారు. సెప్పుతన్నాను కదా. ఈలోగా ఆ కుర్రోడు ముక్కు ఎగబీల్సి, లేసి కూకుని, 'నెత్తళ్ళేనా సిస్టరమ్మా?' అన్నాడు. అదే వాడి మొదటి మాట."

అప్పలనర్సమ్మ చేతులు ఆగిపోయాయి.

"తిన్నాడా?"

"తిన్నాడు."

"మళ్ళీ అడిగినాడా?"

ఆమెకి కావలసింది ఆ జవాబే. ఒకసారి ఎవరైనా కొంటారు, మొహమాటానికో, ఆకలికో. రెండోసారి అడిగినవాడే సరుకుకి సాక్ష్యం.

"అడిగినాడు. పళ్ళెం నాకీసినాడు. ఉప్పు రుసి సూసి, ఇది భావనపాడు సరుకు కదా అన్నాడు."

"భావనపాడుదే!" అప్పలనర్సమ్మ పీట మీద నుంచి సగం లేచింది. "గోనె ఇప్పగానే వాసన పట్టి సెప్తాను నాను. కుర్రోడు ముక్కున్నోడు. నడుత్తన్నాడా మరి?"

"నడుత్తన్నాడు. ఎల్లిపోయే రోజున ఎదురుగా నిలబడి సెల్యూట్ కొట్టినాడు. తరవాత రెండు సేతులూ ఎత్తి దండం ఎట్టినాడు. రెండూ ఎందుకురా అన్నాను. సెల్యూట్ నాకట. దండం ఆ నెత్తళ్ళు పంపిన తల్లికట."

కిటికీలోంచి వర్క్‌షాపు వైపు ఇంజను కూత వినిపించింది. అప్పలనర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. చేపల ఘాటు, మరేం కాదు.

పచ్చి చేపని ఇసుకలో ఎండబెడితే తూకం సగానికి సగం తగ్గిపోతుంది. కొత్తగా వ్యాపారంలోకి వచ్చినవాళ్ళు అది చూసి గుండె బాదుకుంటారు. ఆ తగ్గిన సరుకే వర్షాకాలం నిలుస్తుందనీ, దూరదేశం వెళ్తుందనీ, ధర పలుకుతుందనీ ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగా కూర్చున్న కూతుర్ని చూసింది. బుగ్గలు తగ్గాయి. కంటి కింద నీడ ఉంది. చూపు మాత్రం బండి దీపంలా తిన్నగా ఉంది.

ఇంత చూసినా, సరే అనలేదు. బేరం ఓడినట్టు ఒప్పుకోవడం ఆమె వంశంలో లేదు.

"కబుర్లు నేర్సినావు. ఆ సింతపండు పిసుకు" అంది.

సింహాచలమ్మ తల వంచుకుని నవ్వుకుంటూ చింతపండు గిన్నె దగ్గరికి లాక్కుంది.

పులుసు మరుగుతుండగా జ్ఞానరత్నం గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడుపు ఆగిపోయింది. తలగుడ్డ ఇంకా తల మీదే ఉంది.

"అక్కా, మ్యూచువల్ నేకపోతే నేను మామూలుగా ఎల్లలేనా?"

"ఎందుకెల్లలేవు? తీసుకుంటన్నారు. ఇంటర్వ్యూ ఉంటాది. మెడికల్ ఉంటాది. నీ పని నాకు తెలుసు. సిఫార్సు మాత్రం సెయ్యను, ఎలా నిలబడాలో నేర్పుతాను."

జ్ఞానరత్నం గాలిలోకి ఎగిరి ఆమె మెడ పట్టుకుంది. చింతపండు చేతులతో సింహాచలమ్మ పక్కకి ఒరిగింది. వెనక నుంచి గోవిందరావు తల పెట్టాడు.

"ఒక్క నిమిషం. ఇక్కడ నుంచి ఒకర్ని పంపడం, అక్కడ నుంచి ఎవుల్నీ తేకపోడమా? ఇది మ్యూచువల్ కాదప్పా. డెడ్ లాసు!"

"నువ్వు మాటాడకు" అంది అప్పలనర్సమ్మ. "ఒకరికి బదులు ఒకరన్నావు. ఉన్నదీ పోతన్నాది, ఇంకోరి పిల్లనీ ఎంటేసుకు పోతన్నాది. నీ సేతికి తక్కెడిచ్చినందుకు నన్ను నాను అనుకోవాల."

"కోడి మాత్రం బతికిపోనాది" అన్నాడు గోవిందరావు నెమ్మదిగా.

"ఏ కోడి?" అంది సింహాచలమ్మ.

"పోలమ్మకి మొక్కింది. నువ్వు తిరిగొత్తే ఇత్తానని."

"వచ్చినాను కదా."

"ఉండిపోడానికి వత్తే!" అంది తల్లి. ఈసారి నవ్వు రానిచ్చింది. వచ్చేసింది మరి. నలుగురూ ఒకేసారి నవ్వారు. పులుసు పొంగి పొయ్యిలో పడింది.

ఆ నవ్వుల్లోనే వీధిలోంచి కేక వినిపించింది.

"రైట్ టైం! రైట్ టైముకి వచ్చినానా లేదా?"

జ్ఞానరత్నం ముఖం పాలిపోయింది. "నాన్న!"

సూసన్న రైలు గార్డుగా పని చేసి రిటైరైన మనిషి. చర్చి నుంచి తిన్నగా ఝపటాపూర్ ఇంటికి వెళ్ళకుండా ఇటే వచ్చాడు. తెల్ల కోటు, జేబులో గొలుసు గడియారం, చేతిలో బంతిపూల దండ. భార్య పోయాక ఆయనకి ఉన్న పరివారమంతా ఈ ఒక్క కూతురే. ఆమెని మిలటరీకి పంపడానికి ఆయన్ని ఒప్పించింది గోవిందరావు. నీ పిల్ల వెళ్తే ఈ పిల్ల వస్తుంది, నీ మోకాలు నొప్పికి సింహాచలమ్మ రోజూ వచ్చి పట్టు వేస్తుంది అని మాట ఇచ్చి మరీ ఒప్పించాడు.

"ఏదీ మా కొత్త డాక్టరమ్మ? ముందు ఈ దండ తనకేసి, తరవాత నా పిల్లని పంపుతాను. ఒక బండి వచ్చినాకే కదా రెండోదానికి లైన్ క్లియర్ ఇస్తారు!" అన్నాడు సూసన్న, కోడిని దాటి వరండా ఎక్కుతూ.

గోవిందరావుకి హఠాత్తుగా ఆఫీసు పని గుర్తొచ్చింది.

"ఆదివారంనాడు ఆఫీసేటి? కూకో" అంది అప్పలనర్సమ్మ. తమ్ముడు కూర్చున్నాడు.

ఆమె చెయ్యి కడుక్కుని వరండాలోకి వచ్చింది. వెనక సింహాచలమ్మ గరిటెతోనే వచ్చింది. ఆ వెనక జ్ఞానరత్నం.

"సూసన్నా, మ్యూచువల్ నేదు. మిలట్రీలో ఆ పద్ధతి నేదట. నా పిల్ల రాదు. నీ పిల్ల మాత్రం ఎల్తానంటన్నాది."

చుట్టూ తిప్పలేదు. పాడైన సరుకు గురించి చెప్పేటప్పుడు మాట పొదుపుగా ఉండాలి.

సూసన్న దండ పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. కూతురి వైపు చూశాడు. తెల్ల గుడ్డ కింద ఆ ముఖం ఇంతకు ముందెన్నడూ చూసినట్టు లేదు. భయంగా ఉంది, వెలుగుతూనూ ఉంది.

"ఎల్తావా?"

"నువ్వు వద్దంటే ఎల్లను నానా."

వద్దనడానికి ఆయన నోరు తెరిచాడు. మాటకి బదులు జేబులోంచి గడియారం తీసి, అవసరం లేకపోయినా కీ ఇచ్చాడు. చాలాసేపు ఇచ్చాడు. వీధిలో సైకిలు గంట మోగి వెళ్ళిపోయింది.

"అప్పా" అన్నాడు చివరికి, అప్పలనర్సమ్మతో. "నాకు బండ్లు నడపడం తెలుసు గాని బేరాలు తెలవవు. నువ్వు తెలిసినదానివి. పదేళ్ళ కిందట పిల్లని పంపినావు. లాభమా, నష్టమా? ఒక్క మాట సెప్పు. గొడవ నేదు. నువ్వేటంటే అదే."

సింహాచలమ్మ గరిటె నుంచి పులుసు చుక్క నేల మీద పడింది. పదేళ్ళుగా ఆ ప్రశ్న ఈ ఇంట్లో అందరి నోళ్ళ దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. ఇవాళ బయటివాడు అడిగాడు.

అప్పుడు నూకయ్య ఇటు తిరిగాడు. ఆయన పక్కకి జరగగానే పాత నల్ల పెట్టె కనిపించింది. రంగు ఆరలేదు, తళతళలాడుతోంది. దాని మీద బోగీల మీద రాసేలాంటి నిండు పసుపు అక్షరాలు: కేప్టెన్ సింహాచలం. మంగళవారం నుంచి ఆయన రాస్తున్నది అదే. మ్యూచువల్ మాట విన్న రోజే ఆయనకి తెలుసన్నమాట, ఈ పెట్టె మళ్ళీ బండెక్కుతుందని.

రెండో పెట్టె మూత మీద సుద్దతో గీత మాత్రమే గీసి ఉంది. పేరు లేదు.

"నర్సీ" అన్నాడు నూకయ్య. మంగళవారం నుంచి పెళ్ళాంతో అదే మొదటి మాట. "అడుగుతన్నాడు. సెప్పు."

అప్పలనర్సమ్మ మొగుణ్ణి చూసింది. పసుపు అక్షరాల్ని చూసింది. కూతురి వైపు చూడలేదు. చూస్తే తూకం చెదురుతుందని తెలుసు.

"నష్టమే సూసన్నా" అంది.

జ్ఞానరత్నం చిన్నగా "సిన్నమ్మా!" అంది. సింహాచలమ్మ కళ్ళు వాల్చుకుంది. సూసన్న తల ఊపి దండ వేళ్ళకి చుట్టుకోసాగాడు.

"జొరమొస్తే పక్కన ఉండదు. పండగ్గారెలు ఊరోళ్ళు తింటారు. రేడియోలో లడాయి అంటే సాలు, అన్నం దిగదు. సలికాలం వత్తే ఇక్కడ ఉక్కపోసినా నీకు సలేత్తాది. ఈ నష్టం ఎవులూ తీర్సరు, పైనున్న ఆ దేవుడు కూడా తీర్సడు."

నూకయ్య ఆశ్చర్యంగా చూస్తున్నాడు. గోవిందరావు కళ్ళు మూసుకున్నాడు.

సింహాచలమ్మ మాత్రం మెల్లగా తలెత్తింది. అమ్మ చేతుల్ని చూసింది. ఆ చేతులు కొంగు చివర పట్టుకుని, నడుం చుట్టూ తిప్పి, బిగించి దోపుకుంటున్నాయి.

మలంచా రోడ్డు మీద అప్పలనర్సమ్మ దగ్గర సరుకు కొన్నవాళ్ళెవరికైనా ఆ బిగింపు తెలుసు. మోజు పడి వచ్చినవాడికి వంక చెప్పకూడదన్నది ఆమె మొదటి పాఠం. రెండో పాఠం ఆమె ఎవరికీ చెప్పదు. నమ్మి వచ్చినవాడికి ముందు వంకే చెప్పాలి. అమ్మకం ఆ తరవాత మొదలవుతుంది.

"కూకో సూసన్నా" అంది పీట వాలుస్తూ. "ఇంకా సగమే సెప్పినాను. నెత్తళ్ళ పులుసు తింటా ఇందువు గాని. సిక్కోలు కుర్రోడొకడున్నాడు, ఇను..."

సూసన్న కూర్చుంటాడో, లేక ఆ దండ పట్టుకుని మెట్లు దిగిపోతాడో, ముఖం చూస్తే తెలియడం లేదు. గడియారం ఇంకా చేతిలోనే టిక్కుటిక్కుమంటోంది.

నూకయ్య కుంచెని పసుపు రంగులో ముంచి, అంచుకి రుద్ది, రెండో పెట్టె మీద సుద్దగీత దగ్గరికి తెచ్చి, సూసన్న వైపు చూస్తూ ఆపాడు.